డెబ్బై తొమ్మిది

ఫిలడెల్ఫియాలోని మా ఆసుపత్రిలో శిక్షణలో ఉన్న ఏ రెసిడెంట్ డాక్టరైనా వారానికి డెబ్బై తొమ్మిది గంటలే పని చేస్తాడు. కంప్యూటరులో అలాగే ఉంటుంది. ఎనభై దాటకూడదని నిబంధన. దాటినట్టు రాస్తే డైరెక్టరు పిలిచి, పని చేతకాక సాగదీస్తున్నావా అంటారు. అందుకని తొంభై అయిదు చేసినా డెబ్బై తొమ్మిదే రాస్తాం. కొత్తగా చేరినవాళ్లకు మేం మొదట నేర్పే విద్య అదే. నిరుడు చేరిన ఒడాలిస్‌కు నేర్పింది నేను.

మార్చిలో ఒడాలిస్ ఇరవై ఎనిమిది గంటల డ్యూటీ దిగి, పొద్దున ఇంటికి వెళ్తూ స్టీరింగ్ మీదే నిద్రపోయింది. కారు స్తంభాన్ని గుద్దింది. కుడి చెయ్యి విరిగింది.

డైరెక్టరు లిండ్‌క్విస్ట్ గారు ఆమె రాసిన గంటలు తీసి ఆమెకే చూపించారు. "డెబ్బై తొమ్మిదేగా. ఇది నీ అజాగ్రత్త."

హెచ్చరిక పత్రం ఫైల్లో పెడతానన్నారు. అది ఉంటే రేపు ఆమెకు మంచి చోట ఉద్యోగం రావడం కష్టం.

విని నాకు తల కొట్టేసినట్టయింది. యూనియన్ కార్డులు పట్టుకుని నెల రోజులుగా వార్డులన్నీ తిరుగుతున్నదాన్ని. నలభై ఆరుగురు రెసిడెంట్లలో సగానికి పైగా సంతకం పెడితే యూనియన్‌కు గుర్తింపు అడగొచ్చు. తొమ్మిది మందే సంతకం పెట్టారు. మేం పడే చాకిరీకి సాక్ష్యం కావాలి, ఆ సాక్ష్యాన్ని వారం వారం చెరిపేసింది మేమే.

ఆదివారం మధ్యాహ్నం రెసిడెంట్ల గదిలో అందరి ముందూ చెప్పాను. "ఆ పిల్లకి అబద్ధం నేర్పింది నేనే. రేపు డైరెక్టరుకి రాసిస్తా. మూడేళ్లుగా నేనూ అదే రాశానని కూడా."

"పిచ్చా నీకు, రెనాటా?" అన్నాడు టెరెన్స్. నాకంటే ఏడాది జూనియర్. "ఇంకో మూడు నెలల్లో బయటపడతావు. నోరు మూసుకుని వెళ్లిపోక ఎందుకిదంతా?"

"వెళ్లిపోతా. కొత్తవాళ్లకి నువ్వు నేర్పుతావు, డెబ్బై తొమ్మిది రాయమని. అంతేగా?"

మేం ఎప్పుడు గొడవ చేసినా పైవాళ్లు పిజ్జాలు పంపుతారు. ఆ రోజూ బల్ల మీద ఒక పెట్టె ఉంది. టెరెన్స్ ఆ పెట్టెను పక్కకు తోసి లాప్‌టాప్ తెరిచాడు.

"ఈ వారం నాది తొంభై ఒకటి. రాసేస్తున్నా."

సోమవారం లిండ్‌క్విస్ట్ గారు నన్ను పిలిచారు. "నలభై ఒక్క మంది ఎనభై దాటించారు. ఇది పైకి పోతే ఈ శిక్షణ ప్రోగ్రామే మూతపడుతుంది. నీ చదువూ పోతుంది, తెలుసా?"

"తెలుసు సార్."

"మరి ఎందుకీ అబద్ధాలు?"

"ఈ వారమే మానేశాం సార్."

నా ఉత్తరం బల్ల మీద పెట్టి వచ్చేశాను. వెనక్కి తీసుకోవాలనిపించలేదు.

ఆ తర్వాత రోజూ ఎవరో ఒకరు వచ్చి కార్డు మీద సంతకం పెడుతూ వచ్చారు. గురువారం ఒడాలిస్ మెడకు కట్టిన చేత్తో వచ్చి కార్డు అడిగింది.

"నీ హెచ్చరిక సంగతి ఇంకా తేలలేదు. ఆలోచించుకో" అన్నాను.

"ఆలోచించే వచ్చాను." ఎడమ చేత్తో సంతకం పెట్టింది. కోడి కెలికినట్టు వచ్చింది. "ఇది ఎన్నోది?"

"ఇరవై నాలుగోది. సగం దాటాం."

ఆమె నా ముఖంలోకి చూసింది. నేను చెప్పిన అంకెను ఒకసారి నమ్మిన మనిషి. కార్డుల కట్ట ఆమె ముందు పెట్టాను.

"నా మాట వద్దు. నువ్వే లెక్కపెట్టుకో."

ఎడమ చేత్తో ఒక్కొక్కటే తిప్పుతూ, చివరిదాకా లెక్కపెట్టింది.