చూసొచ్చే ప్రయాణం

రహమాన్ అరటినార పోచను పళ్ళ మధ్య పట్టుకుని, రెండు చేతులతో మామిడికొమ్మను తన వైపు వంచాడు. మంచె మీది కుండీలో పిల్లమొక్క పెన్సిలంత లావుంది. తల్లికొమ్మా అంతే లావుండాలి, కాస్త తేడా ఉన్నా అతుక్కోవు. చాకుతో రెండింటి మీదా రెండంగుళాల మేర తొక్క చెక్కాడు. చెక్కిన చోట్లు ఒకదానికొకటి ఆనించి బొటనవేలితో నొక్కి, నోట్లోని నార లాగి చుట్టడం మొదలుపెట్టాడు. తెల్లవారుజామున పడ్డ వాన ఆకుల మీంచి మెడ మీద టపటపా రాలుతున్నా తల తిప్పలేదు. అంటు కట్టేటప్పుడు తేలు కుట్టినా కదలడని తోటలో అందరూ అనేవారు. తేలు సంగతేమో గాని, ఒకసారి చీమలు కుట్టినప్పుడు మాత్రం నిజంగానే కదలలేదు.

యాభై దాటిన మనిషి. పొట్టి. కత్తిరించిన గడ్డంలో సగం తెలుపు. మామిడిజీడి తగిలి తగిలి కుడిచేతి వేళ్ళ కొసలు నల్లగా కాలినట్టుండేవి. ఆ వేళ్ళు కట్టిన అంట్లు నూటికి తొంభై బతికేవి. సంగారెడ్డి శివారు సర్కారు తోటలో ఇరవై ఏళ్ళుగా అదే పని. ఈ మధ్య తెలుగు జిల్లాలన్నీ కలిసి రాష్ట్రం మారింది, ఆఫీసు బోర్డు మీద పేరూ మారింది. రహమాన్‌కు మాత్రం మామిడి రకాల్లో హిమాయత్ హిమాయతే, బేనిషాన్ బేనిషానే.

మంచె కింద యాదన్న కట్టు మీద పూయడానికి మట్టీ పేడా కలిపి కాళ్ళతో తొక్కుతున్నాడు. తోటకు నీళ్ళు పెట్టే మనిషి, నోరు ఊరికే ఉంచుకోలేడు.

"రహమాన్ బాయ్, గా మెక్సికోల నిజంగ మామిడుంటదా?"

"ఉంటదంట. మంచిగ అంటు గట్టెటోళ్ళే లేరంట."

"అబ్బో! సముద్రం అవుతలికెంచి పిలుపొచ్చిందంటే మాటలా? నన్ను మా అత్తగారింటికి గూడ ఎవ్వలు పిలువరు."

రహమాన్ నవ్వు ఆపుకోలేక నార వదిలేశాడు. మళ్ళీ మొదటి నుంచి చుట్టాల్సి వచ్చింది.

పిలిచింది బ్రాడీ దొర. నాలుగేళ్ళు ఈ తోటలో సలహాదారుగా ఉన్నాడు. రహమాన్ అంటు కడుతుంటే కింద స్టూలు వేసుకుని, చేతిగడియారం చూస్తూ గంటలు గంటలు కూర్చునేవాడు. తర్వాత మెక్సికో వెళ్ళి అక్కడేదో పెద్ద మామిడితోటకు మేనేజరయ్యాడు. పన్నెండు రోజుల కింద అతని ఉత్తరం వచ్చింది. భార్యను తీసుకుని వచ్చెయ్, ఇల్లిస్తాం, ఓడ ఖర్చు మాదే, ఇక్కడే ఉండిపో అని. గుమాస్తా నర్సింహ దాన్ని తెలుగులో మూడుసార్లు చదివి చెప్పాడు. మూడోసారి చదివేటప్పటికి రహమాన్ కళ్ళలో నీళ్ళు తిరిగాయి. పుట్టి బుద్ధెరిగాక అతని చేతిపని కోసం అంత దూరం నుంచి ఎవరూ కబురు పెట్టలేదు.

అయినా ఎగిరి గంతేసి 'వస్త' అనలేదు. అంటు సంగతి తెలిసినవాడెవడూ కొమ్మను ఒక్క దెబ్బకు తల్లి నుంచి వేరు చేయడు. రెండు నెలలయ్యాక సగం కోస్తాడు. ఎనిమిది రోజులు చూస్తాడు. ఆకు వాడకపోతే అప్పుడు మిగతా సగం. ఊరు మారడానికైనా అదే పద్ధతని రహమాన్ తీర్మానించుకున్నాడు. ముందు తానొక్కడే వెళ్ళి మూడు నెలలుండి, అన్నీ చూసి వస్తాడు. బాగుంటే భార్య వజీరాను తీసుకుపోతాడు. పొద్దున్నే నర్సింహతో అలాగే జవాబు టైపు కొట్టించాడు. నాలుగు గంటల బస్సుకు టపాసంచి వెళుతుంది, ఉత్తరం అందులో పడాలి.

ఇంత ఆలోచించినందుకు వజీరా మెచ్చుకుంటుందని అతని ఆశ. ఆమెకు ఇంకా చెప్పలేదు మరి. ఏం మనిషో!

మధ్యాహ్నం ఇంటికి వెళ్ళేసరికి వజీరా రొట్టెలు కాలుస్తోంది. మనిషి అతనికంటే నాలుగు వేళ్ళు పొడుగు. గోరింటాకు పెట్టిన జుట్టు. నిలబడితే నడుము కాస్త ఎడమకు ఒరిగి ఉండేది. అది ఆమె తీరేనని రహమాన్ ఎప్పుడూ అనుకునేవాడు. కూతురు హమీదా పెళ్ళయి సదాశివపేట వెళ్ళాక ఇంట్లో ఇద్దరే. వాకిట్లో పెద్ద అల్లనేరేడు చెట్టు. దాని కింద చాప వేసుకుని తినడం అలవాటు.

రొట్టె తుంచుకుంటూ ఉత్సాహంగా అంతా చెప్పాడు. సగం కోయడం, ఎనిమిది రోజులు ఆగడం, అన్నీ చేతులతో చూపించాడు. వజీరా విన్నది.

"దొర ఎంతమందిని రమ్మన్నడు?"

"ఇద్దర్ని."

"మరి నువ్వొక్కనివే పోవుడేంది?"

"ముందుగాల సూసి రావాలె గద. ఊకెనే నీకు తక్లీఫ్ ఎందుకని."

వజీరా కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నవ్వు ఆగలేదు. భుజాలు కదిలేలా నవ్వి, కళ్ళు తుడుచుకుంది.

"నువ్వు సూసొస్తవా, హమీదా అబ్బా? ఈ ఇల్లు సూసొచ్చినట్లేనా?"

"ఈ ఇంటికేమైంది?"

"ఏం గాలే. తిను."

"చెప్పు, ఏమైంది?"

ఆమె పెనం మీది రొట్టె తిప్పింది. తర్వాత, ఉప్పు తక్కువైందని చెప్పేటంత మామూలుగా చెప్పింది. ఇరవై ఏళ్ళ కింద జహీరాబాద్‌లో ఉన్నప్పుడు, కొత్త పనీ కొత్త ఇల్లూ చూసి రమ్మని అతన్ని పంపింది. అతను తిరిగొచ్చి పొద్దు గూకేదాకా నేరేడు చెట్టు గురించే చెప్పాడు. కంచె వెంట సీతాఫలాలన్నాడు, ఎర్రమట్టి అన్నాడు. నీళ్ళెట్లున్నాయని అడిగితే సల్లగున్నయి, తియ్యగున్నయి అన్నాడు. ఇంటి యజమాని గ్లాసుతో ఇచ్చాడు, ఇతను తాగాడు. ఆ నీళ్ళు ఎక్కడి నుంచి వచ్చాయో అడగలేదు.

"బండి దిగి, పిల్లను సంకల ఏసుకొని బాయి కోసం ఇల్లంత తిరిగిన. కనబడలే. చెట్టెనక ఉందేమోనని ఇంకోపారి తిరిగిన."

రహమాన్ రొట్టె ముక్క మళ్ళీ పళ్ళెంలో పెట్టేశాడు.

"ఇన్నేండ్లల్ల ఒక్కనాడు జెప్పకపోతివి?"

"జెప్తే ఏం జేస్తుంటివి? ఇంట్ల బండ, బాయి పడదు. నీకేమో ఈ చెట్టంటే పానం. కోపంతోని అంటలేను. నువ్వు చెట్లు సూస్తవు. నీలెక్క ఎవ్వలు సూడలేరు. నీళ్ళు, పొయ్యి, కట్టెలు పెట్టుకునే జాగ, గివి నీ కండ్లకు ఆనయి. అంతే."

అతను చేయి కడుక్కోబోయి, చెంబులో నీళ్ళ వైపు చూసి ఆగాడు. ఇంట్లో నీళ్ళు ఎప్పుడూ ఉండేవి. కాగు నిండుగా ఉండేది. పొద్దు పొడవకముందే తోటకు పోయేవాడికి అది ఎలా నిండుతుందో చూసే పని పడలేదు. పడలేదనడం అబద్ధం, చూడలేదు.

"పా, బాయికాడికి నేనొస్త."

"సూసినోళ్ళు నవ్వుతరు."

"నవ్వనీ."

మసీదు వెనక నుంచి అర మైలు దారి. ఆ తర్వాత వాలుగా బండ, వానకు పాచి పట్టి ఉంది. బండ దాటాక బావి మెట్లు ముప్పై ఎనిమిది. వజీరా కిందికి చూడకుండానే కాలు ఎక్కడ పడాలో అక్కడే వేస్తూ దిగిపోయింది. ఆరో మెట్టు విరిగి ఉందని రహమాన్‌కు తెలియదు, జారాడు. ఆమె మోచేయి పట్టుకుని ఆపింది. పైకి వచ్చేటప్పుడు ఒక కడవ తానే ఎత్తుకుంటానని పట్టుబట్టాడు. నడుం మీద నిలపడం చేతకాలేదు. రెండు చేతులతో కావలించుకుని నడిచాడు. ఎదురొచ్చిన యాదన్న పెళ్ళాం శివమ్మ పక్కకు తిరిగి నవ్వుకుంది. ఇంటికి చేరేసరికి కడవలో సగం నీళ్ళు అతని లుంగీ మీదున్నాయి.

వజీరా తన కడవను ఎడమ నడుం మీంచి దించి, ఒక్క నిమిషం అలాగే వంగి నిలబడింది. ఆ ఒరుగు పుట్టుకతో వచ్చింది కాదని రహమాన్‌కు అప్పుడు తెలిసింది.

వెంటనే ఇంకొక సంగతి తట్టింది. మూడు నెలలకు తాను మెక్సికో నుంచి తిరిగొస్తాడు. చెట్ల గురించి పొద్దు గూకేదాకా చెబుతాడు. వజీరా సరే అంటుంది, వస్తుంది. వచ్చి, ఇంటి చుట్టూ రెండుసార్లు తిరుగుతుంది. మళ్ళీ ఇరవై ఏళ్ళు నోరు విప్పదు.

"యా అల్లా! టైమెంతయింది?"

"మూడున్నర అయితుండొచ్చు. యాడికి ఉరుకుతున్నవు? లుంగీ అన్న మార్చుకో!"

మార్చుకోలేదు. తోటకు పరుగెత్తాడు. నర్సింహ సైకిలు లేదు. ఉత్తరం పట్టుకుని బస్టాండుకు పోయాడని యాదన్న చెప్పాడు. యాభై దాటిన కాళ్ళు ఎంత ఉరకగలవో అంతా ఉరికాడు. బస్టాండు పక్క హోటల్లో నర్సింహ చాయ్ సాసరులో పోసుకుని ఊదుతున్నాడు. కవరు బల్ల మీదుంది. అవతల బస్సు మీదికి సామాన్లు ఎక్కిస్తున్నారు.

"నర్సింహ సాబ్, జెర ఆగుండ్రి! ఉత్తరం మార్చాలె."

"ఏం మార్చుడు? టైపు గొట్టింది, సంతకం గూడ పెడ్తివి. ఇగ రేపు సూద్దాం, కూసో, చాయ్ తాగు."

"రేపయితే నాకు మల్ల ధైర్యం రాదు సాబ్. మీకు దండం పెడ్త, కింద రెండు ముక్కలు చేత్తోనే రాయుండ్రి."

మనిషి తడిసి, రొప్పుతూ, నిజంగానే దండం పెడుతున్నాడు. నర్సింహ సణుక్కుంటూ కవరు అంచు నీటి చుక్కతో తడిపి విప్పాడు. పెన్ను మూత తీశాడు.

"చెప్పు."

"ఇద్దరం వస్తం. మూడు నెలలే. ఉండుడా, తిరిగొచ్చుడా అన్నది మా ఇంటామె సూసి చెప్తది. నేను చెట్లు సూస్త, అంతే."

"గిట్ల రాస్తరా దొరకు? నవ్వుతడు, నీ ఇజ్జత్ పోతది."

"పోనీయ్యుండ్రి సాబ్. గట్లనే రాయుండ్రి."

నర్సింహ అతని మొహంలోకి చూసి అలాగే రాశాడు. కవరు టపాసంచిలో పడి, సంచి బస్సెక్కాకే రహమాన్ చాయ్ తాగాడు. దాంట్లో చక్కెర వేశారో లేదో కూడా అతనికి తెలియలేదు.

సాయంత్రం వజీరాకు చెప్పాడు. ఆమె బియ్యం చెరుగుతూ చేట ఆపలేదు.

"నన్నెవలడిగిన్రు? ఓడల నాకు తలకాయ తిరిగితే?"

"పట్టుకుంట."

"కడవనే సక్కగ పట్టుకోకపోతివి."

ఇద్దరూ నవ్వారు. కాసేపటికి ఆమె చేట కింద పెట్టింది.

"నీకు నచ్చి నాకు నచ్చకుంటే?"

దొర కబురు పెట్టినప్పటి నుంచి ఆ తోట రహమాన్ కళ్ళలో మెదులుతూనే ఉంది. దాన్ని వదులుకోవడం ఎంత కష్టమో ఆ క్షణాన తెలిసింది.

"తిరిగొద్దాం," అన్నాడు.

వజీరా అతన్ని పరీక్షగా చూసింది. "సరే, పోదాం," అని చేట అందుకుంది.

దొర సరేనని రాశాడు. నవ్వాడో లేదో ఉత్తరంలో తెలియలేదు. ఫోటోలు దిగారు, పాస్‌పోర్టు మీద భార్య పేరు కూడా ఎక్కింది. ఈలోగా రహమాన్ తోటలో కట్టిన అంట్లన్నీ సగం కోసి, ఆగి, మిగతా సగం కోసి, కుండీలను నీడలో వరసగా దించాడు. ఏ మొక్కకు ఎన్ని నీళ్ళు పోయాలో యాదన్నకు విసుగొచ్చేదాకా చెప్పాడు. చలి మొదలైన ఒక పొద్దున బస్టాండుకు పోయే బండి ఇంటి ముందు ఆగింది. ఒక రేకుపెట్టె, ఒక పరుపుచుట్ట. వజీరా ముందే ఎక్కి కూర్చుంది. శివమ్మ తాళంచెవి కోసం వాకిట్లో నిలబడింది.

వెనక తలుపు గడియ పడిందో లేదో చూద్దామని రహమాన్ లోపలికి వెళ్ళాడు. వస్తూ గోడ గూట్లో పాన్‌దాన్ చూశాడు. వజీరా పుట్టింటి నుంచి తెచ్చుకున్న ఇత్తడి తమలపాకుల పెట్టె. జహీరాబాద్ నుంచి వచ్చేటప్పుడు దారి పొడుగునా దాన్ని ఒళ్ళో పెట్టుకునే కూర్చుంది, పిల్లను అతనికిచ్చింది గాని దాన్ని ఇవ్వలేదు. మరిచిపోయినట్టుందని చేతిలోకి తీసుకుని కేకేయబోయాడు. మూత కదిలింది. లోపల సున్నం డబ్బా కడిగి ఆరబెట్టి ఉంది. అడకత్తెకు తుప్పు పట్టకుండా నూనె రాసి గుడ్డలో చుట్టింది. వక్కలు విడిగా మూటకట్టింది. మరిచిపోయిన వస్తువును ఎవరూ అంత శ్రద్ధగా సర్దరు.

తిరిగొచ్చేదాకా ఉండాలని కావాలనే ఉంచింది, ఆమె కూడా సగమే కోసింది. బయట నుంచి వజీరా పిలిచింది.

"ఏమైంది, ఏమన్న మరిచిపోయిన్నా?"

"ఏం లేదు. అన్ని మంచిగనే ఉన్నయ్."

మూత నొక్కి, పాన్‌దాన్‌ను ఎక్కడిదక్కడే పెట్టాడు. తలుపు దగ్గరికి లాగి తాళం వేసి, చెవి శివమ్మ చేతికిచ్చి, బండెక్కి భార్య పక్కన కూర్చున్నాడు. బండి కదిలింది. లోపల గూట్లో, తోమిన ఇత్తడి పాన్‌దాన్ తలుపు వైపు తిరిగి ఉంది.