ఆ గోల్‌కి లేచినవాళ్ళు

ఆస్పత్రిలో అందరూ ఆయన్ని ఫొటోల బాబాయ్ అంటారు. ఇరవై రెండేళ్ళుగా ఎక్స్‌రే గదిలో ఎముకల ఫొటోలు తీయడమే ఆయన పని. పనిలో ఎంత నెమ్మదస్తుడో ఫుట్‌బాల్ విషయంలో అంత పిచ్చివాడు. ఊరి జట్టు ఓడిన మర్నాడు ఆయనతో మాట్లాడాలంటే నర్సులు కూడా జంకేవారు. ఆ జట్టులో అందరి ప్రాణాలూ ఒకడి మీదే. ఎవరు పెట్టారో గానీ వాడికి పిడుగు అనే పేరు ఖాయమైపోయింది.

ఒక మంగళవారం పదకొండు గంటలకి ఆ పిడుగే భార్యను వెంటబెట్టుకుని ఆస్పత్రికి వచ్చాడు.

క్షణంలో వరండా నిండిపోయింది. మందుల కౌంటర్ వదిలేసి ఒకడు, లిఫ్ట్ వదిలేసి ఇంకొకడు, సెలైన్ స్టాండు తోసుకుంటూ ఒక పేషెంటూ వచ్చారు. ఎముకల డాక్టరు చీటీ రాస్తూ రాస్తూ లేచొచ్చి ఫొటో దిగాడు. బాబాయ్ కూడా దిగాడు. పిడుగు ఆయన భుజం మీద చెయ్యేసి, "నవ్వు బాబాయ్, నవ్వితే ఏం పోయింది!" అన్నాడు. బాబాయ్ నోరు చెవుల దాకా సాగింది. ఆ గుంపుకి నాలుగడుగుల అవతల, గోడకి ఆనుకుని, ఎడమచేతిని కుడిచేత్తో పట్టుకుని పిడుగు భార్య నిలబడి ఉంది. ఆమెకి ఒక కుర్చీ వేద్దామని ఒక్కరికీ తోచలేదు.

బాబాయ్ ఆమెని గదిలోకి తీసుకెళ్ళి చెయ్యి ఫొటో తీశాడు. తెర మీద బొమ్మ పడగానే బాబాయ్ మొహంలో నవ్వు ఆరిపోయింది. పడిపోయేవాళ్ళు అరచెయ్యి నేలకి ఆనిస్తారు. విరిగితే ఎక్కువగా మణికట్టు దగ్గర విరుగుతుంది. ఈమెకి మోచేతికీ మణికట్టుకీ సరిగ్గా మధ్యలో, చిటికెనవేలి వైపు ఎముక విరిగింది. మొహానికి చెయ్యి అడ్డం పెట్టుకున్నవాళ్ళకి ఇలా విరగడం ఆయన ఎన్నోసార్లు చూశాడు. ఊపిరి తీస్తే నొప్పిగా ఉందంటే డాక్టరు ఛాతీ కూడా తీయమని రాశాడు. అందులో రెండు పక్కటెముకలు ఎప్పుడో విరిగి అతుక్కున్న గుర్తులు కనిపించాయి.

"ఎలా తగిలిందమ్మా?" అని అడిగాడు.

"మెట్ల మీంచి జారానని రాసుకోండి." ఆమె తలుపు వైపు చూసి, గొంతు తగ్గించి, "మా ఇంట్లో మెట్లు లేవులెండి," అంది.

బాబాయ్ ఫిల్ములు పట్టుకుని డాక్టరు దగ్గరికి వెళ్ళాడు. "సార్, ఇది జారిపడ్డ దెబ్బ కాదు."

డాక్టరు ఫోన్లో తన ఫొటో చూసుకుంటున్నాడు. తలెత్తలేదు. "ఆవిడేం చెప్పింది?"

"మెట్లని రాసుకోమంది. కానీ..."

"మరి మెట్లనే రాద్దాం. మొగుడూ పెళ్ళాల మధ్య మనం దూరడం దేనికి బాబాయ్?"

బాబాయ్ ఫిల్ములు కవర్లో పెట్టుకుని వెనక్కి వచ్చేశాడు.

ఆ సాయంత్రం బావమరిది ఇంటికి వచ్చాడు. అభిమానుల సంఘంలో నినాదాలు కట్టేది అతనే. లోపల దాచుకోలేక, ఎవరికీ చెప్పొద్దంటూనే బాబాయ్ అంతా చెప్పేశాడు, మెట్లు లేవన్న మాటతో సహా.

"అయితే ఏంటి బావా? ఆదివారం వాడు ఆడకపోతే కప్పు మీద ఆశ వదులుకోవాల్సిందే. మనకి వాడి కాళ్ళతో పని. ఇంట్లో వాడి చెయ్యేం చేస్తే మనకెందుకు?"

"రేపు మీ అక్క మీద నేను చెయ్యెత్తితే?"

"నువ్వు గోల్ కొడతావా మరి?" అని బావమరిది పగలబడి నవ్వాడు. మంచినీళ్ళు పట్టుకొచ్చిన అక్క ఆ గ్లాసు అతనికివ్వకుండానే లోపలికి తిరిగి వెళ్ళిపోయింది.

శుక్రవారం పిడుగు భార్య పుట్టింటికి చేరి పోలీసులకి ఫిర్యాదు ఇచ్చింది. శనివారానికల్లా ఊరంతా అదే మాట. జట్టుని ఓడించడానికి అవతలివాళ్ళు ఆడిస్తున్న నాటకమని సగం మంది తేల్చేశారు.

ఆదివారం ఆటకి వెళ్ళకూడదనే బాబాయ్ అనుకున్నాడు. మూడు గంటలకి కాళ్ళు వాటంతటవే చెప్పుల్లో దూరాయి.

ఆట మొదలైన పది నిమిషాలకి గ్యాలరీ కింది వరసల్లోంచి పాటలాంటిది లేచింది. "మెట్లు లేని ఇంట్లో ఎలా జారావే చెల్లీ!" ముందు ఇరవై గొంతులు, తర్వాత వెయ్యి. అందరికంటే ముందు నిలబడి చేతులూపుతూ పాడిస్తున్నవాడు బావమరిది. బాబాయ్‌కి తల కొట్టేసినట్టయింది. పక్క సీటులో ఒక తండ్రి, ఆరేళ్ళ కూతురు చేతులు పట్టుకుని ఆ పాటకి చప్పట్లు కొట్టిస్తున్నాడు. పిల్లకి అర్థం కాకపోయినా కిలకిలా నవ్వుతోంది.

లేచి వెళ్ళిపోదామనుకుంటుండగానే పిడుగు ఇద్దర్ని తప్పించుకుని గోల్ కొట్టాడు.

బాబాయ్ లేచాడు. చేతులు పైకెత్తి గొంతు చించుకుని అరిచాడు. తన అరుపు తన చెవికి చేరేదాకా ఏం చేస్తున్నాడో ఆయనకే తెలియలేదు. తెలిసిన తర్వాత అక్కడ కూర్చోలేకపోయాడు. వెనక ఉన్న నీళ్ళ కుళాయి దగ్గర మూడుసార్లు పుక్కిలించినా నోట్లో ఏదో కుళ్ళిన రుచి పోలేదు.

సోమవారం డ్యూటీకి ముందే పోలీస్ స్టేషన్‌కి వెళ్ళి, ఫిల్ముల్లో చూసిందీ ఆమె చెప్పిందీ వాంగ్మూలం ఇచ్చాడు. డాక్టరు ఆయనతో మాటలు మానేశాడు. ఎక్స్‌రే గది తలుపు మీద ఎవరో బొగ్గుతో "ద్రోహి" అని రాశారు. ఫొటో దిగినవాళ్ళలో ఒకరిదే ఆ దస్తూరీ అని బాబాయ్ గుర్తుపట్టాడు గానీ బయటపెట్టలేదు. బావమరిదిని మాత్రం ఇంటికి రావొద్దన్నాడు. పిడుగు మీద కేసు నిలబడింది. తీర్పు వచ్చేదాకా ఆడకూడదని నిషేధం పడింది.

ఆరు వారాల తర్వాత ఆమె చెయ్యి చూపించుకోవడానికి వచ్చింది. తండ్రి బయట బెంచీ మీద కూర్చున్నాడు. బాబాయ్ మిషను ముట్టుకోలేదు.

"అమ్మా, మైదానంలో వాళ్ళు కట్టిన పాట... ఆ మాట నా నోటి నుంచే వెళ్ళింది."

"తెలుసండీ. మీకు తప్ప ఎవరికీ చెప్పలేదు నేను."

"నేను పాడలేదు. కానీ వాడు గోల్ కొడితే లేచాను. అరిచాను కూడా."

ఆమె ఆయన వంక చూసింది. ఆ చూపులో క్షమా లేదు, కోపమూ లేదు. "మా నాన్న కూడా లేచాడండి. టీవీ ముందు, నా పక్కనే కూర్చుని ఉన్నాడు," అంది. తర్వాత కట్టు విప్పిన చేతిని తనే ఎక్స్‌రే ప్లేటు మీద పెట్టింది.

ఫొటో బాగా వచ్చింది. ఆమె కాగితాల కోసం కౌంటర్ దగ్గరికి వెళ్ళగానే తండ్రి బెంచీ మీంచి లేచి బాబాయ్ దగ్గరికి వచ్చాడు. కూతురికి వినపడకుండా గొంతు తగ్గించాడు.

"బాబాయ్ గారూ, మీకు లోపలి సంగతులు తెలుస్తాయిగా. ఫైనల్‌కైనా ఆ కుర్రాణ్ణి ఆడనిస్తారంటారా?"

బాబాయ్ ఆమె ఫిల్ము తీసి ఆయన చేతిలో పెట్టాడు.

"మీ అమ్మాయి ఎముక అతుక్కుందండీ," అని చెప్పి లోపలికెళ్ళి తలుపేసుకున్నాడు.