రొయ్యకి చేయించిన పరీక్ష

వెంకటపతిరాజు కుడికాలి వేళ్లు రెండు రాజమండ్రి ఆస్పత్రిలో తీసేసి పదకొండు రోజులైంది. ఇంటికి తెచ్చిన దగ్గర్నుంచి భార్య సుబ్బాయమ్మ ఆయనకి మందులిస్తోంది, అన్నం పెడుతోంది, పక్క దులుపుతోంది. నిన్న సాయంత్రం నుంచి మాత్రం ఒక్క మాట మాట్లాడటం లేదు. నోరు తెరిస్తే ఏం అనేస్తుందో ఆవిడకే భయంగా ఉంది.

నిన్న కట్టు మార్చడానికొచ్చిన నర్సు ప్రసన్నకుమారి మాటల్లో మాటగా అనేసింది. "నాలుగేళ్ల కిందట మొగల్తూరు క్యాంపులో నేనే చూశానండి. అప్పుడే షుగరు రెండొందల ఎనభై ఉందండి రాజుగారికి. బిళ్లలు వేసుకోండి, తిండి తగ్గించండి, కాళ్లు రోజూ చూసుకోండి అని చెప్పానండి. ఇంట్లో చెప్పొద్దని ఒట్టేయించుకున్నారండి మరి."

నాలుగేళ్లు! సుబ్బాయమ్మకి అరికాలి మంట నెత్తికెక్కింది. ఆ నాలుగేళ్లూ వేడన్నంలో నెయ్యి ధార కట్టించింది ఎవరు? వేసవంతా మామిడిపళ్లు కోసి పెట్టింది, పండక్కి పూర్ణాలు కొసరి కొసరి వడ్డించింది ఎవరు? ఆ ఇంట్లో విస్తరి మీద చెయ్యి అడ్డం పెడితే ఇల్లాలికి అవమానం. చుట్టాలు వద్దు మొర్రో అన్నా ఇంకో గరిటె పడాల్సిందే. ఆయన ఒక్కనాడు చెయ్యి అడ్డం పెట్టలేదు. తెలిసీ తిన్నాడు. తెలియక తను పెట్టింది. ఆ మాట తల్చుకుంటేనే ఆవిడకి తన చేతులు తనకే అసహ్యంగా అనిపించాయి.

అదే చెరువుల్లో పెంచే రొయ్యకైతే ఎంత జాగ్రత్త! రొయ్యపిల్లల సీడు కొనేముందు భీమవరం ల్యాబుకి పంపి తెల్లమచ్చ జబ్బు లేదని కాగితం వస్తే తప్ప చెరువులో ఒక్క పిల్లని వదిలేవాడు కాదు. పొద్దున్నే, మేత పెట్టి చెరువులోకి దించిన చెక్ ట్రే పైకి లాగి చూసేవాడు. అందులో మేత మిగిలిందంటే ఆ పూటకి మేత తగ్గించేసేవాడు. "జబ్బొచ్చాక మందు పోస్తే రొయ్య బతకదురా, రాకముందే చూసుకోవాలి" అని ఊళ్లో కుర్రాళ్లకి గట్టు మీద నిలబడి పాఠాలు చెప్పేవాడు. ఇంత తెలిసిన పెద్దమనిషి తన వేలి నుంచి ఒక్క చుక్క తీసి చూసిన నర్సుని నోరు మూసుకోమన్నాడు. ఇప్పుడు గట్టెక్కి చూసుకునే మనిషి లేక చెరువులు ఎండగట్టారు. వాటి మీద బతికే ఆరుగురు పని వెతుక్కుంటూ తలో ఊరూ పోయారు.

ఇవాళ పొద్దున్న వెంకటపతిరాజు అన్నగారు భీమరాజు వచ్చాడు. మంచం పక్కన కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. ప్రసన్నకుమారి కట్టు విప్పుతోంది. సుబ్బాయమ్మ ఎప్పటిలాగే తలుపు చాటున నిలబడింది. ముప్ఫయ్యేళ్లుగా బావగారి ఎదటపడి మాట్లాడి ఎరగదు.

"గురువారం పెనుగొండ నుంచి పెళ్లివారు వస్తున్నారు, నీ కొడుకు సాయికిరణ్‌ని చూడ్డానికి" అన్నాడు భీమరాజు. "కాలికి మేకు గుచ్చుకుందని చెబుదాం. షుగరనే మాట ఎవరి నోటా రాకూడదు."

"అదే అన్నయ్యా నేనూ అనుకున్నాను" అన్నాడు వెంకటపతిరాజు నీరసంగా. "అప్పుడు మన అమ్మాయి ప్రణతి పెళ్లి కుదురుతోంది. షుగరింటి పిల్లని పేరొస్తే ఎవడు చేసుకుంటాడు? అందుకే దాచాను."

తలుపు చాటు నుంచి సుబ్బాయమ్మ గదిలోకొచ్చేసింది. భీమరాజు నివ్వెరపోయి చూశాడు.

"ప్రసన్నా, ఆ షుగరు చూసే మిషను తెచ్చావా?"

"ఆయ్, బ్యాగులోనే ఉందండి."

"సాయీ, ఇలా రా. వేలు చాపు."

సాయికిరణ్‌కి ఇరవై ఆరేళ్లు. ఆర్నెల్లుగా పక్కన నీళ్ల చెంబు లేందే పడుకోవడం లేదు. తండ్రికీ ఒకప్పుడు అదే అలవాటు. ఎండలవల్ల కాబోలు అనుకుంది పిచ్చి తల్లి.

"ఇప్పుడెందుకమ్మా ఇదంతా? శుభమా అని పెళ్లివారొస్తుంటే!" అన్నాడు భీమరాజు. "గురువారం కానివ్వు."

"గురువారం దాకా వాడి ఒంట్లో నెత్తురు ఆగుతుందా బావగారూ?"

ప్రసన్నకుమారి సూది గుచ్చింది. మిషను కేసి చూసి, సుబ్బాయమ్మ కేసి చూసి, గొంతు తగ్గించింది. "రెండొందల అరవై అండి. పరగడుపున ల్యాబులో మళ్లీ చూపించాలండి. కానీ షుగరేననిపిస్తోందండి. భయపడకండి, ఇంకా ఏ నష్టం జరిగుండదండి. తిండి సర్దుకుని, నడిచి, డాక్టరుగారు చెప్పిన మందు వేసుకుంటే కాళ్లూ కళ్లూ భద్రంగా ఉంటాయండి."

భీమరాజు లేచి వెళ్లి వీధి తలుపు మూసి గడియ పెట్టాడు. "ఈ మాట గడప దాటకూడదు. నర్సమ్మా, నీకే చెబుతున్నాను."

"గురువారం అయ్యేదాకా ఆగుదామమ్మా" అన్నాడు సాయికిరణ్.

ఒళ్లు మండిపోయింది సుబ్బాయమ్మకి. వయసులో ఉన్న కొడుకు కూడా వేళ్లు పోయిన తండ్రిలాగే మాట్లాడుతున్నాడు! తిన్నగా ఫోను దగ్గరికి వెళ్లి పెనుగొండ పెళ్లివారి నంబరు తిప్పింది.

"సుబ్బాయమ్మా, పెట్టేయ్ ఆ ఫోను!" మంచం మీంచి కేకేశాడు వెంకటపతిరాజు.

"అన్నయ్యగారూ, నేను సాయికిరణ్ అమ్మనండి. మా అబ్బాయికి షుగరున్నట్టు ఇప్పుడే తెలిసిందండి. వాళ్ల నాన్నగారి వేళ్లు తీసింది కూడా అందుకేనండి. అన్నీ తెలిసి రావాలనుకుంటే గురువారం రండి."

అవతలివాళ్లు ఇంట్లో మాట్లాడి చెబుతామన్నారు. ఆ మాటకి అర్థం గదిలో అందరికీ తెలుసు.

"పరువు తీసేశావు కదమ్మా" అన్నాడు భీమరాజు.

"పోతే పోయింది మీ పరువు! దాన్ని కాపాడ్డానికి ఇంకెన్ని వేళ్లు కోయించాలి?" సుబ్బాయమ్మ మళ్లీ నంబరు తిప్పింది. ఈసారి కూతురింటికి. "ప్రణతీ, నేనే. తమ్ముడికి షుగరొచ్చిందే. నాన్నగారికి నీ పెళ్లికి ముందే ఉందిట, దాచారు. నువ్వు రేపే వెళ్లి పరీక్ష చేయించుకో. విన్నావా?"

అవతల ప్రణతి ఏడుపు దిగమింగుతున్న చప్పుడు వినిపించింది.

"నాకూ ఉందమ్మా, తెలుసు. రెండేళ్లయింది. ఇక్కడెవరికీ చెప్పలేదు. అత్తయ్యగారు పెట్టినవన్నీ తింటున్నాను."

 సుబ్బాయమ్మ ఫోను తీగ సాగినంత మేరా లాగి, మంచం దగ్గరికి తెచ్చి, రిసీవరు మొగుడి చెవికి గట్టిగా ఆనించింది.

"మళ్లీ చెప్పు తల్లీ" అంది. "మీ నాన్నగారు వినాలి."