పూజలో బిగిసిన చక్రం

నేను ఒక చిన్న చెక్కబండిని. మూరెడు పొడవు, జానెడు వెడల్పు, అడుగున నాలుగు ఇనుప బేరింగులు. చెరుకు పండే ఊళ్లోని ఉన్నత పాఠశాలలో, విరిగిన బెంచీ చెక్కతో వడ్ల బ్రహ్మయ్య నన్ను చేశాడు. చేయించింది భౌతికశాస్త్రం చెప్పే రాజలింగం సారు. పిల్లలకు ద్రవ్యవేగం అంటే ఏమిటో కళ్లకు కట్టినట్టు చూపించాలని ఆయన కోరిక. నన్ను చూసి ఎంత మురిసిపోయారంటే, పిల్లల చేతుల్లో పడితే పాడైపోతానని ఆ రోజే అల్మారాలో పెట్టి తాళం వేశారు.

కదలడానికి పుట్టి పదకొండేళ్లు కదలకుండా కూర్చున్నాను. ఏడాదికోసారి ఆయుధపూజకు మాత్రం బయటికి తీసేవారు. సారు నా చక్రాలకు పసుపు రాసి, కుంకుమ బొట్లు పెట్టి, కొబ్బరినీళ్లు చల్లి, దణ్ణం పెట్టుకుని మళ్లీ లోపల పెట్టేవారు. ఆ భక్తంతా వెనక కుడి చక్రంలోకి దిగి గట్టిపడింది. మనుషులు ఒక వస్తువును గౌరవించడం మొదలుపెడితే ఇక దాన్ని పని చెయ్యనివ్వరు. చెబుదామంటే నాకు నోరు లేదు.

సారు రిటైరయ్యాక వినోదిని మేడం వచ్చారు. నా అల్మారా అద్దాల తలుపులోంచి కిటికీ, కిటికీలోంచి రోడ్డు కనిపిస్తాయి. కోతల కాలంలో సరిగ్గా బడి వదిలే వేళకు, నాలుగింటికి, చెరుకు ట్రాక్టర్లు వాలు దిగి ఫ్యాక్టరీకి వెళ్తాయి. అప్పుడు పిల్లలు ఒక ఆట ఆడతారు. ఒకరు ట్రాక్టరుకు ఎదురెళ్లి చేతులు చాపి నిలబడతారు. డ్రైవరు బ్రేకు వేస్తాడు. మిగతావాళ్లు వెనక నుంచి గడలు లాగుతారు. రెండేళ్లుగా ఎదురు నిలబడేది తొమ్మిదో తరగతి గంగామణి. రోజూ నాలుగు కొట్టేసరికి నాకు వణుకు పుట్టేది.

ఒకరోజు చివరి పీరియడులో మేడం ఆ పిల్లను నిలబెట్టి అడిగారు. "ట్రాక్టర్ ముంగట నిలబడుడు ఏందే? భయం గాదా నీకు?"

"గంత మెల్లగ వస్తది మేడం. మెల్లగ వచ్చేది ఆగకుంట ఎట్లుంటది?"

మేడం బల్ల మీది తాళంచెవి అందుకున్నారు. నేరుగా వచ్చి నా తాళం తీశారు. పూజకు కాక పని కోసం తీసిన తాళం, పదకొండేళ్లు ఎదురుచూసిన చప్పుడు అది. కానీ నాకు సంతోషం కలగలేదు, భయం వేసింది. వెనక చక్రం సంగతి ఆమెకు తెలియదు.

బల్ల మీద ఒక పొడవాటి చెక్కను ఏటవాలుగా ఆనించి, నా మీద రెండు ఇటుకలు పెట్టి పైనుంచి వదిలారు. నేను రెండు జానలు జారి, కిర్రుమని వంకర తిరిగి, సగం దారిలో ఆగిపోయాను. క్లాసంతా గొల్లుమంది.

గంగామణి లేచి నిలబడింది. "చూసిన్రా మేడం! బరువున్నది దానంతట అదే ఆగింది."

సిగ్గుతో చచ్చిపోయాను. జన్మలో ఒక్కసారి పాఠం చెప్పే అవకాశం వస్తే అబద్ధం చెప్పాను. అదీ ఆ పిల్లకే. గోడ గడియారం మూడున్నర చూపిస్తోంది.

మేడం నన్ను తిరగేసి ఒక్కో చక్రాన్నీ వేలితో తిప్పి చూశారు. "అయ్యో, బొట్లు పెట్టి పెట్టి దీన్ని ఆగం జేసిన్రు గదా! ఎవరి దగ్గరన్న పిన్నీసు ఉందా?"

గంగామణి తన చున్నీకున్న పిన్నీసు తీసింది. తనే గీకింది కూడా. పదకొండు దసరాల కుంకుమ పొడిపొడిగా రాలింది. మేడం రెండు చుక్కలు నూనె వేశారు. చక్రం తిరిగింది.

"నీ టిఫిన్ డబ్బా తెచ్చి బల్ల మీద పెట్టు. అది నువ్వే అనుకో."

మొదట ఖాళీగా, చెక్క పైకొస నుంచి వదిలారు. వేగంగా వచ్చి గుద్దాను. డబ్బా రెండు వేళ్ల మేర జరిగింది, నేను ఆగిపోయాను. తర్వాత ఇటుకలు పెట్టి, సగం ఎత్తు నుంచే వదిలారు. మెల్లగా దిగాను. ఈసారైనా ఆగకూడదని నాలో నేనే మొక్కుకున్నాను. డబ్బాను తగిలాను, తోశాను, బల్ల అంచుదాకా నెట్టుకుపోయాను. అది కిందపడి అంచు సొట్టపోయింది. ఎవరూ నవ్వలేదు.

"బరువు, వేగం రెండూ కలిస్తెనే ద్రవ్యవేగం" అన్నారు మేడం. "మెల్లగ వస్తున్నదని చూస్తున్నవు. ఎంత మోసుకొస్తున్నదో చూస్తలేవు."

గంట కొట్టారు. నన్ను కిటికీ పక్కనున్న ఆ బల్ల మీదే వదిలేసి అందరూ వెళ్లిపోయారు. హారన్ వినిపించింది. ఆ రోజు ట్రాక్టరుకు రెండు ట్రాలీలు కట్టారు, నిండుగా చెరుకు. చిన్నపిల్లలు అరుస్తున్నారు. "అక్కా, నిలబడు! నిలబడక్కా!"

గంగామణి రోడ్డు అంచున సొట్టడబ్బా పట్టుకుని ఉంది. కాలు కదపలేదు. ఇద్దరు పిల్లలు ముందుకు ఉరకబోతే చొక్కాలు పట్టి వెనక్కి లాగింది.

పిల్లల్ని చూసి డ్రైవరు అలవాటుగా బ్రేకు తొక్కాడు. చక్రాలు బిగుసుకున్నాయి, కానీ ట్రాలీలు వెనక నుంచి తోస్తూనే ఉన్నాయి. ట్రాక్టరు రోడ్డును రాసుకుంటూ గంగామణి రోజూ నిలబడే చోటు దాటి, ఇంకా పదడుగులు పోయి ఆగింది. అది అక్కడే ఆగి ఉన్నా ఒక్కరూ గడ లాగలేదు. గంగామణి రోడ్డు మీద పడిన నల్లటి చారలను చూస్తూ చాలాసేపు నిలబడింది.

ఇప్పుడు నాకు తాళం లేదు. దసరాకు మేడం నా చెక్క మీద మాత్రమే బొట్టు పెడతారు, చక్రాలకు నూనె వేస్తారు. నాలుగు కొడితే మాత్రం నాకు ఇంకా వణుకే. గంగామణి పదో తరగతికి వచ్చింది. మధ్యాహ్నం ఆ డబ్బాతోనే కిటికీ పక్కన కూర్చుని తింటుంది. సొట్ట వల్ల మూత సరిగ్గా పట్టదు, రబ్బరు బ్యాండు వేసుకుని తెస్తుంది. కొత్తది కొనిస్తామని ఇంట్లో అన్నారట. వద్దందట.