చిలకల అంచు

శ్రావణం మొదటి శుక్రవారం రాజ్యలక్ష్మమ్మ ఏ చీర కడితే ఆ ఏడాదికి మైదుకూరులో అదే మోడలు. ఇది చట్టమేమీ కాదు గానీ చట్టం కంటే గట్టిది. పెద్దసుబ్బయ్య బట్టల అంగడి పెట్టిన నాటి నుంచి ఆయన భార్య ఒంటి మీది చీరే అంగడికి బోర్డు. పేరంటానికి వచ్చినవాళ్లు కాళ్లకు పసుపు రాయించుకుంటూనే ఒక కన్ను ఆమె చీర మీద వేస్తారు. మర్నాడు పొద్దున్నే అంగడికి వచ్చి అట్లాంటిదే కావల్లని కూర్చుంటారు. ఒకటే పీసు వచ్చింది, అయిపోయిందని చెప్పి, పెద్దసుబ్బయ్య వేరేవి నాలుగు పరిచి రెండు అంటగట్టి పంపిస్తాడు.

ఆ ఒక్క పీసు యాడ నుంచి వచ్చిందో ఊరు మొత్తం మీద ముగ్గురికే తెలుసు. పెద్దసుబ్బయ్యకు, రాజ్యలక్ష్మమ్మకు, మిషను కుట్టే పర్వీనుకు.

కడపలో అద్దాల షోరూములు లేచినాక పెద్దసుబ్బయ్య అంగడి పైన పటారం, లోన లొటారం అయింది. అమ్ముడుపోని పట్టుచీరలు నేతగాళ్లకు వాపసు పోతున్నాయి. అందులో ఒకటి ఇంటికి తెచ్చి భార్యకు కట్టబెట్టే స్థితి లేదు. కట్టకపోతే బోర్డు తీసేసినట్టే. అందుకని తొమ్మిదేళ్లుగా, ఆషాఢం సగం గడవగానే, రాజ్యలక్ష్మమ్మ బీరువాలో పాత పట్టు తీసి కూరగాయల సంచిలో పెట్టుకొని, పైన నాలుగు తోటకూర కట్టలు కప్పి, మసీదు వెనక సందులో ఉన్న పర్వీను ఇంటికి వచ్చేది.

"పర్వీనా, ఈసారి దీన్నేం జేస్తావో చేయి. నన్ను కట్టుకున్నోడే గుర్తుపట్టగూడదు" అనేది.

ఆ పని పర్వీనుకు ప్రాణం. ఫాలు కుట్టడానికి, పావడాలు కుట్టడానికి ఎవరైనా చాలు. ఇది అట్లా కాదు. మడతల్లో చిరిగిన చీరలో బాగున్న భాగం ఎంతో చూసుకోవాలి. దాని అంచు నూలుపోగు తెగకుండా విప్పి, ఇంకో చీర ఒంటికి అతకాలి. కొంగులో నుంచి రవిక తీయాలి. పోయినేడు మోచేతుల దాకా ఉన్న చేతులకు ఈ ఏడు గాజుల దాకా ముక్క వేయాలి. ఒక ఏడాది రెండు పాత చీరలను నిలువునా కోసి ఒకటి చేసింది. దాన్ని చూసి ప్రొద్దుటూరు వాళ్లు ఫోటోలు తీసుకొని పోయారట. ఆ సంగతి విన్న రోజు పర్వీను అన్నం సరిగ్గా తినలేదు, అంత సంతోషం. ఎవరితోనైనా చెప్పుకుందామంటే చెప్పుకోకూడదు.

చెప్పకూడదనేది వాళ్ల నాన్న మాట. ఖాసిం వలి ముప్పై ఏళ్లు నాలుగు రోడ్ల దగ్గర మిషను తొక్కాడు. "కొలత అంటే అమానత్, బేటీ. నమ్మి మన చేతిలో దాచిపెట్టిన సొమ్ము. ఒకరి నడుం కొలత ఇంకొకరికి చెప్పినోడు కత్తెర పట్టగూడదు" అని కూతురికి మొదటి రోజే చెప్పాడు. పర్వీను దాన్ని ఇంకో అడుగు ముందుకు తీసుకుపోయింది. అందరి బట్టలకూ చీటీ గుచ్చి, నోటుబుక్కులో పేరు, పని రాసుకునే మనిషి, రాజ్యలక్ష్మమ్మవి మాత్రం ఎక్కడా రాయలేదు. ఎవరైనా పుస్తకం తిప్పితే ఆ పేరు కనపడుతుందని భయం. ఆ రాయకపోవడమే తన మెడకు చుట్టుకుంటుందని ఆమె కలలో కూడా అనుకోలేదు.

ఈ ఏడాది మొదటి శుక్రవారానికి వచ్చినవి రెండు చీరలు. ఒకటి కట్టుకొని ఎప్పుడూ గడప దాటని నెమలికంఠం రంగుది, అంచు మాసిపోయింది. ఇంకొకటి చిలకపచ్చది, ఒళ్లంతా చిల్లులు. అంచు మాత్రం బంగారం. అంచు నిండా చిలకలు. పర్వీను కళ్లద్దాలు పెట్టుకొని చూస్తే ప్రతి ఏడో చిలక వెనక్కి తిరిగి ఉంది. నేసినవాడి పొరపాటో, చిలిపితనమో.

"ఇది ఎవురన్నా చూసినారా అక్కా?"

"మా అత్త పెట్టిన చీర. ఇరవై రెండేండ్లు బీరువాలోనే ఉండాది. మైదుకూరులో ఒక్క కన్ను పడలేదు" అంది రాజ్యలక్ష్మమ్మ.

అది నిజమే. మైదుకూరు కన్ను పడలేదు. కానీ అత్త ఆనాడు ఇద్దరు కోడళ్లకూ ఒకే మగ్గం మీద నేయించిందనీ, రెండోది కర్నూలులో అంగడి పెట్టుకున్న చిన్నకోడలు పద్మప్రియ బీరువాలో ఉందనీ రాజ్యలక్ష్మమ్మ మరిచిపోయింది. పద్మప్రియ శ్రావణానికి మైదుకూరు వచ్చి ఎన్నో ఏళ్లయింది. ఈ ఏడు వచ్చింది.

జరిగింది పర్వీనుకు మల్లెపూలమ్మే గిడ్డమ్మ చెప్పింది. పేరంటానికి పూలిచ్చి, తాంబూలం కోసం వసారాలో కూర్చుని అంతా చూసిందట.

"పాటలు పాడతాండారు. ఆ కర్నూలామె లేచొచ్చి పెద్దామె కుచ్చిళ్లు పట్టుకొని, ఏమక్కా, ఇది మన అత్త పెట్టిన చిలకల అంచు గదా, ఈ ఎనక్కి తిరిగిన చిలక నా దాంట్లోనూ ఉండాది, కొత్త చీరకు యాడనుంచి వచ్చె అనె. పాట ఆగిపోయె. పెద్దామె మొగం సున్నం మాదిరి అయిపోయె."

"తర్వాత?"

గిడ్డమ్మ పూలబుట్ట మీది తడిగుడ్డ సర్దుకుంది. "పర్వీనమ్మా, నా మీద కోపం చేసుకోగాకు. నేను విన్నిందే చెప్తాండా. కొత్త చీర ఫాలు కుట్టమని, పాతది చిల్లులు కుట్టమని రెండూ పర్వీనుకు ఇచ్చినా, కొత్తదాని అసలు అంచు కోసుకొని, పాత అంచు అతికిచ్చి నా మొగాన కొట్టింది, నేను చూసుకోకుండా కట్టుకుంటి అనె పెద్దామె."

పర్వీనుకు మొదట నవ్వు వచ్చింది. అంత అడ్డగోలు మాట ఎవరు నమ్ముతారు? ఫాలు కుట్టడానికి ఇచ్చిన చీర అంచు మారితే, కట్టుకునేటప్పుడు కళ్లు ఏమైనట్టు? పైగా బట్టల అంగడి ఆమె. కానీ ఎద్దు ఈనిందంటే దూడను గాటన కట్టేయమనే ఊళ్లు అన్నిచోట్లా ఉన్నాయి. నోటుబుక్కు తీసి చూపిద్దామంటే అందులో ఆ పేరే లేదు. శనివారం పొద్దున ముగ్గురు వచ్చి కుట్టకపోయినా పర్వాలేదు, మా గుడ్డలు ఇచ్చేయమన్నారు. ఆదివారం ఐదుగురు. పదేళ్లుగా సంచి గడప లోపల పడేసి పేరు కూడా చెప్పకుండా పోయే టీచరమ్మ, వాకిట్లోనే నిలబడి జాకెట్టు ముక్కలు ఒక్కొక్కటీ పరిచి చూసుకుంది. పర్వీను ఆమె మొహం వైపు చూడలేక మిషను చక్రానికి నూనె వేస్తూ కూర్చుంది. నూనె కారి కిందపడింది.

ఆమెకు కావలసింది పెద్దదేమీ కాదు. పర్వీను చేతికిస్తే పర్వీను చేతి నుంచే తిరిగి వస్తుందనే మాట. ఆ మాట తప్ప ఆమెకు అంగడి లేదు, బోర్డు లేదు. భర్త అయాజ్ లారీ మీద పోతే నెలకు ఒకసారి వస్తాడు. కర్నూలులో కూతురు సాజియా చదువు ఆ మిషను మీదే నడుస్తోంది.

సోమవారం పెద్దసుబ్బయ్య ఇంటికి పోయింది. ఎప్పుడూ పోయే పెరటి దారిన కాకుండా వాకిలి తట్టింది. రాజ్యలక్ష్మమ్మ తలుపు తీసి, ఇటూ అటూ చూసి, చెయ్యి పట్టుకొని వంటింట్లోకి లాక్కుపోయింది.

"మెల్లగ మాట్లాడు పర్వీనా. హాల్లో పద్మప్రియ ఉండాది."

"ఉండనీ అక్కా. ఆమె ముందరే చెప్పండి, అంచు మార్చమనింది మీరేనని."

"అట్ల మాట్లాడితే ఎట్లా? ఆ పొద్దు అందరూ నా మొగమే చూస్తాండారు. నోటికి ఏదొస్తే అది చెప్పినా. నాకు ఇంకేం తోచలేదు."

"నా పేరే తోచిందా అక్కా?"

రాజ్యలక్ష్మమ్మ కళ్లనిండా నీళ్లు తెచ్చుకుంది. అవి దొంగ నీళ్లు కావు, అదే పర్వీనుకు ఇంకా మంట. "నీకేమైతాది చెప్పు. పది దినాలు పోతే మర్సిపోతారు. మా సంగతి బయట పడితే అంగడికి తాళమే. నువ్వు నా చెల్లెలు మాదిరి అనుకొని చెప్పినా" అంది.

చెల్లెలు మాదిరి అనుకుంటే నెత్తిన దొంగతనం పెడతారా అని అడగాలనుకుంది పర్వీను. తొమ్మిదేళ్లు. ఈ మనిషి కోసం ఫోటోలు తీసుకుపోయారన్న సంతోషాన్ని కూడా కడుపులో పెట్టుకుంది. నమ్మి నానబోస్తే పుచ్చి బుర్రలైనాయని ఊరికే అనలేదు పెద్దలు.

రాజ్యలక్ష్మమ్మ కొంగుతో మొహం తుడుచుకొని, అల్మారాలో నుంచి ఒక గుడ్డ తీసింది. "ఇది సాజియాకు డ్రస్సు కుట్టుకో. మంచి గుడ్డ." గొంతు ఇంకా తగ్గించింది. "మొన్న ఆ రెండిటితో ఇచ్చిన ఊదారంగు పాత పట్టు నీ దగ్గరే ఉండాది గదా. మూడో శుక్రవారానికి కావల్ల. గిడ్డమ్మతో పంపియ్యి, నువ్వు రావద్దులే."

పర్వీను ఆ గుడ్డను గ్యాస్ పొయ్యి పక్కన పెట్టి వచ్చేసింది. హాల్లో నుంచి పోతుంటే పద్మప్రియ సోఫాలో కూర్చొని ఫోను చూసుకుంటోంది. తల ఎత్తి పర్వీనును తేరిపార చూసింది.

బుధవారం మధ్యాహ్నం, సందులో కుక్క కూడా తిరగని ఎండలో, పర్వీను ఇంటి ముందు ఆటో ఆగింది. పద్మప్రియ దిగింది. చేతిలో ఒక సంచి. లోపలికి వచ్చి, తనే తలుపు దగ్గరికి వేసి, మంచం మీద కూర్చుంది.

"నువ్వు దొంగతనం చేయలేదని నాకు తెలుసు" అంది.

ఐదు రోజుల్లో ఆ మాట అన్న మొదటి మనిషి ఆమె. పర్వీను గోడకు ఆనుకుంది.

"తెలిసి గూడా ఆ పొద్దు ఎందుకు చెప్పలేదమ్మా?"

"నేను అడిగింది మా అక్కను. మధ్యలో నీ పేరు తెస్తాదని నాకేం తెలుసు?" పద్మప్రియ సంచి విప్పింది. రెండు పాత పట్టుచీరలు. అందులో ఒకటి చిలకపచ్చది, అవే చిలకలు. "మా కర్నూలు అంగడి మాత్రం ఏం వెలగబెడతాండాది. నువ్వు అతికిన అంచు దగ్గరినుంచి చూసినా. కుట్టు కనపడలేదు. ఆ తిరిగిన చిలక లేకపోతే నేనూ కనిపెట్టేదాన్ని కాదు. ఇట్లాంటి చెయ్యి కర్నూలులో లేదు. ఇవి నాకు దసరాకు చేసిపెట్టు."

పర్వీను చీరను ఒళ్లోకి తీసుకుంది. ఎన్ని కష్టాల్లో ఉన్నా చేతులు వాటి పని అవి చేస్తాయి. ఒళ్లు ఎక్కడ చిరిగిందో, కొంగు ఎంత మిగిలిందో వేళ్లు అప్పుడే చూస్తున్నాయి.

"ఇంకొక మాట" అంది పద్మప్రియ. "ఎల్లుండి శుక్రవారం మా వాళ్లందరూ మళ్లా కూడతారు. నువ్వు ఏ తప్పూ చేయలేదని అందరి ముందర నేను చెప్తా. నా మాటకు ఎదురు లేదు ఆడ. అయితే నాకు నిజం తెలియల్ల. మా అక్క ఎన్నేండ్లుగా చేయిస్తాండాది?"

ఫ్యాను కిర్రుకిర్రుమంటోంది. పర్వీనుకు నాన్న మాట గుర్తుకు రాకపోలేదు. వచ్చింది. దాని వెనకే టీచరమ్మ వాకిట్లో పరిచిన జాకెట్టు ముక్కలు గుర్తుకు వచ్చాయి. సాజియా నిన్న ఫోను చేసి, "అమ్మీ, హాస్టల్లో మైదుకూరు అమ్మాయి ఏందో అంటాంది, నిజమేనా" అని అడగడం గుర్తుకు వచ్చింది. అమానత్ ఇచ్చినామె తనే దాన్ని నడిరోడ్డులో పారేసి తన మీద నెట్టింది. ఇంక కాపలా దేనికి?

"తొమ్మిదేండ్లమ్మా" అంది. "ప్రతి శ్రావణమూ. ఆ ప్రొద్దుటూరు వాళ్లు ఫోటో తీసుకున్నది రెండు పాత చీరలు. పోయినేడు కట్టింది వాళ్లమ్మ మధుపర్కం చీర. ఒక్కటి గూడా కొత్తది కాదు."

చెప్తుంటే హాయిగా ఉంది. అబద్ధమాడటం ఎందుకు, చాలా హాయిగా ఉంది. తొమ్మిదేళ్ల పనితనం మొదటిసారి ఒక మనిషి చెవిన పడింది. ఏ చీరలో ఏ ముక్క యాడ అతికిందో, యాడ కష్టమయిందో, ఒకటొకటిగా చెప్పుకుంటూ పోయింది. పద్మప్రియ కళ్లు ఆర్పకుండా వింది. అంతా అయ్యాక పెద్దగా ఊపిరి వదిలింది.

"శుక్రవారం చెప్తాలే. నీ మీద మచ్చ లేకుండా చెప్తా."

అని లేచి, పర్వీను ఒళ్లో ఉన్న చిలకపచ్చ చీరను మెల్లగా తీసుకుంది. మడిచి సంచిలో పెట్టింది. రెండోదాన్నీ పెట్టింది.

"అమ్మా, చీరలు?"

"వద్దులే పర్వీనా."

"పని నచ్చిందంటిరి గదా."

"పని బంగారం." పద్మప్రియ సంచి చేతులు ముడివేసింది. "రేపు మా అక్క వచ్చి నా సంగతి అడిగితే?"

"నేనెందుకు చెప్తానమ్మా? ఇన్నేండ్లు ఎవురికీ చెప్పలేదు. మీరే గదా అడిగినారు."

"అడిగితే చెప్పినావు గదా" అంది పద్మప్రియ. కోపంగా కాదు, జాలిగానే అంది. తలుపు తీసుకొని ఆటో ఎక్కింది.

అన్నమాట ప్రకారం శుక్రవారం అందరి ముందరా చెప్పింది, అంచు మార్పించింది తన అక్కేననీ, ఆ సంగతి పర్వీనే చెప్పిందనీ. ఆ తర్వాత వారం టీచరమ్మ పావడా గుడ్డలు తెచ్చింది, మిగిలినవాళ్లు ఫాలు కుట్టమని చీరలు తెచ్చారు. ఎవరూ ముక్కలు లెక్కపెట్టుకోలేదు. పర్వీను దొంగ కాదని ఊరంతా ఒప్పుకుంది. పాత పట్టు మాత్రం ఏ ఇంటి నుంచీ మళ్లీ ఆ గడప తొక్కలేదు.