ఇంట్లో రాసిన నీళ్లు

జిల్లా నీటి ఆఫీసు వరండాలో ఒకే ఊరి రైతులు అరవైమంది నిలబడ్డారు. అందరి చేతుల్లోనూ ఎండిపోయిన మొక్కజొన్న కర్రలే. ఎగువన చెరకు తోట పంపు లికోంబే ఏటిని తాగేస్తోంది. ఇప్పుడు తోటవాళ్లు రెండో పంపు అడుగుతున్నారు. శుక్రవారం విచారణ.

ఆఫీసరు కలికోకా ఆ కర్రల వంక చూడలేదు. ఒక నోటుపుస్తకం తెరిచాడు.

"పోయిన నెల ఆఖరి మంగళవారం పొద్దున ఆరింటికి, ఏట్లో పాతిన మీ ఊరి కొలబద్ద దగ్గర నీళ్లు మీటరూ పది సెంటీమీటర్లు. సాయంత్రం మీటరూ తొమ్మిది. ఏరు నిండుగా ఉంది. రాసింది మీ ఊరి మనిషే."

వెనక నిలబడ్డ ఎనిఫా తలగుడ్డ కళ్లమీదికి లాక్కుంది. అవి ఆమె అంకెలు.

భర్త బతికుండగా కొలబద్ద ఆయనే చూసేవాడు. ఆయన పోయాక, ఆ పని నిలుపుకోవడానికే ఎనిఫా యాభై రెండో ఏట పెద్దల బడిలో అంకెలు నేర్చింది. రోజూ రెండుపూటలా ఏట్లోకి దిగి, చూసి, రాసి, నెలాఖరున మినీబస్సు డ్రైవరుతో పుస్తకం పంపేది. రెండేళ్ల కిందట ప్రభుత్వం ఈ పనికి నిధులు ఆపేసింది. జీతం లేదు. తనిఖీకి ఎవరూ రారు. మోకాళ్లు సలుపుతుంటే ఒకరోజు దిగలేదు. ఖాళీ గడి చూస్తే సిగ్గేసింది. ఇంట్లో దాచుకున్న నకల్లో పోయినేడు అదే తేదీకున్న అంకె చూసి, ఒకటి తగ్గించి వేసింది. తర్వాత అదే అలవాటైంది. పొయ్యి పక్కన కూచుని ఏటిని రాసేది. ఏరు చిక్కిపోవడం కళ్లారా చూస్తూనే ఉంది. ఎవరు చదువుతారులే అనుకుంది.

ఊరికి తిరిగొచ్చాక పిండిమర అరుగు మీద సమావేశం పెట్టారు.

"ఆఫీసులో దిద్దేశారు. తోటవాళ్లు ముట్టజెప్పుంటారు," అన్నాడు రైతుసంఘం లఫోర్డ్. అందరూ అవునన్నారు. ఎనిఫా ఊరుకుంటే సరిపోయేది.

"ఎవరూ దిద్దలేదు," అంది ఎనిఫా. "నేనే రాశాను. ఏట్లోకి దిగకుండా."

"అయితే ఏరు ఈవిడ కుండలో ఉందన్నమాట," అన్నాడో ముసలాయన. "తలా ఓ చెంబు పొయ్యమనండి." ఎవరూ నవ్వలేదు.

పక్కింటి ఫాలెసి లేచింది. "మా పెద్దది బడి మాని ఆ తోటలోనే చెరకు నరుకుతోంది, వదినా. నీ మీటరూ పదిలో నా మడి మునిగిపోయిందనుకోమంటావా?"

"శుక్రవారం విచారణలోనూ ఇదే చెబుతాను," అంది ఎనిఫా.

"ఇక్కడన్నావు చాలు, అక్కడనకు," అన్నాడు లఫోర్డ్. "నిన్ను లోపలేస్తారు."

"అనకపోతే రెండో పంపు వేస్తారు."

లఫోర్డ్ జనం వైపు తిరిగాడు. "ఊరందరి ఏటినీ ఒక్కదాని కళ్లమీద వదిలేశాం. జీతం ఆగిందని ఈమె చెప్పిననాడు మనలో ఒక్కడూ ఆఫీసుకి పోలేదు. రేప్పొద్దున అందరూ దిగండి."

దిగారు. కొలబద్ద ఎండిన ఇసకలో నిలబడి ఉంది. దానికి ఆరడుగుల అవతల సన్నటి నీటిపాయ. మూడు రోజులు, రెండుపూటలా, అరవైమందీ చూశారు. ఫాలెసి ఎనిఫాతో మాట్లాడకుండా పక్కనే నిలబడి చూసింది.

శుక్రవారం విచారణలో తోట మేనేజరు ముందు ఎనిఫా లేచింది. "ఆ పుస్తకం అబద్ధం. రాసింది నేను. ఏట్లో నీళ్లు కొలబద్దకి అందట్లేదు."

"మేమందరం చూశాం," అన్నారు వెనక నుంచి.

కలికోకా చెమట తుడుచుకున్నాడు. "తనిఖీకి రావాలంటే మోటారుసైకిల్లో పెట్రోలు లేదు. పైనుంచి నిధుల్లేవు."

"కొలబద్దకి నిధుల్లేవు, చూసే మనిషికి జీతం లేదు," అన్నాడు లఫోర్డ్. "పంపుకి సంతకం పెట్టడానికి సిరా మాత్రం ఉందా? ముందు కొలవండి. కొలిచేవాళ్లకి జీతాలివ్వండి. అప్పటిదాకా రెండో పంపు లేదు." అరవైమందీ గదిలోనే బైఠాయించారు. విచారణ వాయిదా పడింది.

ప్రభుత్వ రికార్డు తప్పు రాసిందని పోలీసులు ఎనిఫాను వ్యానెక్కించారు. నిధులు ఆపినవాళ్లను ఎవరూ ఏ వ్యానూ ఎక్కించలేదు.

సాయంత్రం వ్యాను ఊరి దగ్గర ఏటి వంతెనకి వచ్చేసరికి వంతెన నిండా జనం. హారన్ కొట్టినా కదల్లేదు. కింద ఇసకలో, కొలబద్ద పక్కన, ఫాలెసి నోటుపుస్తకం పట్టుకుని నిలబడి ఉంది. తల పైకెత్తింది.

"వదినా, ఆరైంది. నీళ్లు కొలబద్దకి అందకపోతే గడిలో ఏం రాయాలి?"

ఎనిఫా వ్యాను కమ్మీలు పట్టుకుంది.

"నీళ్లు అందలేదని రాయి. కింద అందరూ వేలిముద్రలెయ్యండి."