నవ్వాపుకోలేని దాత

కొత్తగా నేర్చుకునేవాళ్ళు బ్రేకనుకుని యాక్సిలరేటర్ తొక్కినా తొణక్కుండా బెణక్కుండా పక్క సీట్లో కూర్చునే డ్రైవింగ్ మాస్టారికి, పక్కటెముకల మీద ఎవరైనా వేలు పెడితే మాత్రం ఒళ్ళు స్వాధీనంలో ఉండదు. అంత చక్కిలిగింత. ఆ సంగతి డాక్టరుకి ముందే చెప్పాల్సింది. మగాడై ఉండి ఏం చెప్పుకుంటామని ఊరుకున్నాడు మహానుభావుడు.

మాస్టారి అక్క లివర్ పూర్తిగా పాడైంది. తమ్ముడి లివర్లో కొంత కోసి పెడితేనే ఆమె బతుకుతుంది. ఇచ్చేవాళ్ళు ఇంకెవరూ లేరు. తీరా చూస్తే స్కానులో మాస్టారి లివర్‌కి కొవ్వు జాడ కనిపించింది. సూదితో అందులోంచి చిన్న ముక్క తీసి చూడాలి, కొవ్వు ఎక్కువుంటే ఇవ్వడం కుదరదు.

"చర్మానికి మత్తిచ్చాం, నొప్పి తెలీదు. ఊపిరి బిగబట్టండి," అన్నాడు డాక్టరు సూది పట్టుకుని.

మాస్టారు బిగబట్టాడు. సరిగ్గా సూది దిగుతుండగా డాక్టరు చిటికెన వేలు మత్తెక్కని చోట తగిలింది. ఇంకేముంది, ఆ పెద్దమనిషి మంచం అదిరేలా పగలబడి నవ్వాడు. డాక్టరు ఠక్కున సూది లాగేశాడు. నర్సు మొహం గోడవైపు తిప్పుకుని కిసుక్కుమంది. అదృష్టం బాగుండి ఏ ప్రమాదమూ జరగలేదు గానీ, దారప్పోగులా పొడుగ్గా రావాల్సిన ముక్క నూకలా వచ్చింది. దాంతో ఏమీ తేల్చలేనని ల్యాబు డాక్టరమ్మ చెప్పేసింది.

లోపల రక్తం కారకుండా కుడిపక్కకి తిరిగి కదలకుండా పడుకున్న మాస్టారికి నొప్పి భుజం దాకా పాకింది. దానికన్నా సిగ్గు ఎక్కువ బాధపెట్టింది.

"ఈసారి నిద్రపుచ్చి, నోట్లోంచి గొట్టం కడుపులోకి పంపి అక్కణ్ణుంచి తీస్తాం. పక్కటెముకల జోలికే రాం," అన్నాడు డాక్టరు.

"ఆ మాట ముందే చెప్పొచ్చు కదండీ."

"మీ చక్కిలిగింతల మాట మీరూ ముందే చెప్పొచ్చు కదండీ."

రెండోసారి పరీక్షప్పుడు మాస్టారు కళ్ళు తెరిచి, "ఎప్పుడు మొదలుపెడతారు?" అని అడిగాడు. అప్పటికే అంతా అయిపోయింది. గొంతు కాస్త గరగర, అంతే. మత్తు వదలక గాల్లో తేలుతూ, బండి మంచం తోస్తున్న నర్సుతో, "క్లచ్ మెల్లగా వదలమ్మా," అన్నాడు. వరండా అంతా గొల్లున నవ్వింది. అందరికన్నా గట్టిగా ఆయనే నవ్వాడు.

ముక్క పొడుగ్గా, నిక్షేపంలా వచ్చింది. కొవ్వు నామమాత్రమేనని, లివర్ ఇవ్వొచ్చని కబురందిన రోజు మాస్టారి కాలు నేల మీద నిలవలేదు. లిఫ్టు కోసం ఆగలేక మెట్లెక్కి, రొప్పుతూ అక్క మంచం దగ్గరికి వెళ్ళాడు.

పచ్చబారిన కళ్ళతో అక్క అతన్ని తేరిపార చూసింది. "ఎంత కోస్తార్రా?"

"సగం పైనే. పెద్ద ముక్క నీకు, చిన్నది నాకు."

ఊహ తెలిసినప్పటి నుంచీ ఏది పంచినా పెద్దది తమ్ముడి చేతిలో పెట్టిన మనిషి ఆవిడ. అలవాటుగా వద్దనబోయింది. తమ్ముడి మొహం చూసి, మాట మింగేసి, చెయ్యి చాచింది.